మాస్టారి కారు

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి తన కొత్త కారు మీద మంచి అభిప్రాయం లేదు. కొన్నది ఆయనే. కూతురు పోరు పెట్టింది, భార్య కాదనలేదు, పాత బండికి పార్టులు దొరకడం మానేశాయి. అందుకని కొన్నారు.

తాళం తిప్పకుండా బండి స్టార్టవడం, తలుపు తట్టకుండా ఇంట్లోకి జొరబడడం లాంటిదనేవారు. డిక్కీలో స్టెప్నీ లేదు, దాని బదులు చిన్న గాలి పంపు, జిగురు సీసా పెట్టారు. నడిరోడ్డు మీద చెప్పు తెగితే చేతిలో జిగురు పెట్టి పొమ్మన్నట్టుందన్నారు. వెనకద్దం చూస్తే అరచేతంత, కప్పులు పెట్టుకునే గుంటలు మాత్రం కూర్చునే మనుషులకంటే ఎక్కువ. ఈ మాటలు ఆయన షోరూము వాళ్ళతో అనలేదు, తన దగ్గర బండి నేర్చుకునేవాళ్ళతో అనేవారు. వాళ్ళు స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయి ఉండేవాళ్ళు కాబట్టి అన్నిటికీ ఔనండీ అనేవాళ్ళు.

భార్య లాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. ఆవిడకి ఆ కార్లో సీటు వెచ్చబడే మీట నచ్చింది. నడుంనొప్పికి మొగుడికంటే అదే నయమని కూతురితో చెప్పింది.

కొద్ది రోజులకే కారు మాస్టారిని తప్పుపట్టడం మొదలుపెట్టింది. రోడ్డు మీది తెల్లగీతను తొక్కితే చాలు, కుయ్యిమంటూ స్టీరింగును తనే గీత లోపలికి లాగేది. ఒక పొద్దున తెర మీద కాఫీ కప్పు బొమ్మ వేసి, అలసిపోయినట్టున్నారు, కాసేపు ఆగండి అని చెప్పింది. రాత్రంతా హాయిగా నిద్రపోయి, స్నానం చేసి బయల్దేరిన మనిషి. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పిన చెయ్యి. ఆయనకి అవమానమైంది.

సర్వీసుకి తీసుకెళ్ళారు. అక్కడి మెకానిక్కు నడిపితే కారు కిమ్మనలేదు. కూతురు నడిపినా అంతే. ఇది మనిషిని చూసి మాట్లాడుతోందని మాస్టారు తేల్చారు. మెకానిక్కు వాదన పెట్టుకోకుండా సెట్టింగుల్లోకి వెళ్ళి శబ్దమూ, లాగడమూ ఆపేశాడు.

శబ్దం ఆగినా, గీత తొక్కినప్పుడల్లా మీటర్ల పక్కన చిన్న పసుపు దీపం వెలిగేది. మాస్టారికి అది కనబడలేదు. పక్క సీట్లో ఉన్న భార్యకి కనబడింది. దాన్ని చూస్తూ చూస్తూ ఆవిడ ఇంకొన్ని గమనించింది. ఈ మధ్య దారి బోర్డులు తనచేత చదివిస్తున్నారు. ఎదురు లైట్లు పడితే బండి నెమ్మది చేసి, వీడికి నేర్పినవాడెవడో అని తిడుతున్నారు. ఫోన్లో అక్షరాలు గుమ్మడికాయలంత చేసుకున్నారు. ఆవిడ అదను కోసం చూసింది. సూది గుచ్చేముందు కబుర్లు చెప్పడం ఆవిడ వృత్తిలో లేదు.

కొత్తగా చేరినవాళ్ళని మాస్టారు ముందు బండెక్కనివ్వరు. రోడ్డవతల ఆగి ఉన్న బండి నంబరు చదవమంటారు. చదవలేనివాళ్ళని కళ్ళ డాక్టరు దగ్గరికి పంపుతారు. ఒక సాయంత్రం సిగ్నలు దగ్గర ఆగినప్పుడు భార్య, రెండు బండ్ల ముందు ఆగిన వ్యాను చూపించింది.

“ఏవండీ, దాని నంబరు చదవండి.”

ఆయన నవ్వారు. తర్వాత కళ్ళు చికిలించి చదివారు. చివరి రెండంకెలూ ఆయన సొంతంగా వేసుకున్నవి. ఆవిడ ఆయన వైపు తిరిగింది. పచ్చదీపం వెలిగింది, వ్యాను వెళ్ళిపోయింది.

“తప్పా?” అన్నారు.

“చివరి రెండూ.”

మాస్టారు బండి రోడ్డు పక్కకి తీసి ఆపారు. ఇంజను ఆపేశారు, చేతులు మాత్రం స్టీరింగు మీంచి తీయలేదు.

“రేపు క్లాసులున్నాయి,” అన్నారు. “వాళ్ళు చూడనిది నేను చూస్తాననే కదా, వాళ్ళ ఇళ్ళవాళ్ళు నా పక్కన కూర్చోబెడతారు.”

ఆవిడ దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఆయన వైపు తలుపు తీసి నిలబడింది. నీకు రాదుగా అన్నారాయన. పెళ్ళైన కొత్తలో ఆయన దగ్గరే నేర్చుకోబోయి, ఆ కేకలకి నడిరోడ్డు మీద దిగి, ఇంటిదాకా నడిచొచ్చేసిన మనిషి ఆవిడ.

“అమ్మాయి నేర్పింది. లైసెన్సు కూడా ఉంది.”

కూతురికి నేర్పింది ఆయనే.

“అయితే నేను నేర్పినట్టే,” అని దిగారు.

“కేకలొక్కటే మధ్యలో పోయాయి,” అందావిడ.

ఇల్లు చేరేదాకా పక్క సీట్లో ఆయన కాలు, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. నోరు మాత్రం తెరవలేదు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయని చెప్పి, డాక్టరు ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేశారు. అన్నాళ్ళూ స్కూలుకి తాళం. నేర్చుకునేవాళ్ళకి మాస్టారే ఫోన్ చేసి ఉన్నమాట చెప్పారు. చాలామంది అయ్యో అన్నారు. ఒక బ్యాంకాయన మాత్రం, అయితే మీరు కేకలేసినప్పుడల్లా ఎదురుగా నిజంగా ఏదైనా ఉండేదా మాస్టారూ అని అడిగాడు. కొన్నిసార్లు ఉండేదన్నారు మాస్టారు.

డాక్టరు ఇక నడపొచ్చన్నాక, ఒక ఆదివారం ఆయనే స్టీరింగు పట్టి భార్యని బయటికి తీసుకెళ్ళారు. ఊరు దాటాక పక్కనుంచి మాట రావడం లేదేమని చూస్తే, ఆవిడ తల వాల్చి నిద్రపోతోంది. ఆ కార్లో ఆవిడ నిద్రపోవడం అదే మొదటిసారని ఆయనకప్పుడు తట్టింది.

ఏసీ గాలి నేరుగా ఆవిడ మొహానికి కొడుతోంది. తగ్గిద్దామంటే మీట లేదు, తెరలో ఎక్కడో దాచారు. మాస్టారు బండి పక్కకి ఆపి, జేబులోంచి చదివే కళ్ళజోడు తీసి పెట్టుకుని, దాన్ని వెతికి పట్టుకుని, తగ్గించి, కళ్ళజోడు తీసేసి మళ్ళీ బయల్దేరారు.