రేకుల మీద జోగయ్య

రోజూ పొద్దున్నే డ్రోన్ పెట్టెను స్కూటీకి కట్టుకుని, సాయిలక్ష్మి బీర్‌గావ్‌లోని ఇంటి నుంచి ఉర్లా ఫ్యాక్టరీలకు వెళ్లేది. వానలకు ముందు షెడ్ల పైకప్పులు ఎలా ఉన్నాయో చూసి, ఫొటోలు తీసి, సంతకం పెట్టి ఇవ్వడం ఆమె పని. ఆ కాగితం చూశాకే కూలీలను పైకెక్కించాలి.

ఒక ఇనుము ఫ్యాక్టరీలో మాత్రం ఆమె కెమెరాకు తండ్రి కనబడేవాడు. శ్రీకాకుళం నుంచి ఛత్తీస్‌గఢ్‌కు బతుకుతెరువుకు వచ్చిన జోగయ్య నాలుగేళ్ల కిందట ఆ షెడ్డు రేకు విరిగి పడి చనిపోయాడు. అప్పట్నుంచీ పైనే ఉంటున్నాడు. కింది నుంచి చూస్తే కనబడడు, స్క్రీన్‌లో చూస్తే బోల్టులు బిగిస్తూ ఉంటాడు. సూపర్‌వైజర్‌కీ అలవాటైపోయింది. "మీ నాన్న అడ్డొస్తున్నాడు, కాస్త పక్క నుంచి తియ్యమ్మా," అనేవాడు హిందీలో.

ఆ జూన్‌లో జోగయ్య పని చెయ్యడం లేదు. మూడో వరసలో ఒక రేకు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. డ్రోన్ మీదికి వెళ్లినా లేవలేదు.

"ఆ వరస మీద ఎవర్నీ ఎక్కించకండి సార్," అంది సాయిలక్ష్మి.

"మీ నాన్నను మోస్తోంది కదా. గట్టిగానే ఉన్నట్టు."

"పోయినవాళ్లకు బరువుండదు సార్."

ఆమె సంతకం పెట్టలేదు. నిచ్చెన దగ్గర బెల్టు కట్టుకుని నిలబడ్డ దానయ్య వచ్చి స్క్రీన్‌లోకి తొంగి చూశాడు. జోగయ్యతో పాతికేళ్లు కలిసి పనిచేసినవాడు.

"నన్నే చూస్తన్నాడమ్మా," అన్నాడు. "ఆ రోజు ఎక్కాల్సింది నానే. జొరవొచ్చి ఇంటికాడ తొంగున్నాను. నా బదులు మీ అయ్య ఎక్కినాడు."

బెల్టు విప్పి నేలమీద పెట్టి, గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఏ షెడ్డూ ఎక్కలేదు. గుఢియారీలో కూరగాయల బండి పెట్టుకున్నాడు.

"వానలు ముంచుకొస్తున్నాయి. సంతకం రేపు పెడుదువులే," అన్నాడు సూపర్‌వైజర్. ఆ మధ్యాహ్నానికే కూలీలను కుదిర్చే ఠేకేదారు మహాసముంద్ వైపు నుంచి వచ్చిన కొత్త కూలీని తెచ్చాడు. సాయిలక్ష్మి పరుగున వెళ్లి అతనికి స్క్రీన్ చూపించింది. జోగయ్య ఎవరో అతనికి తెలియదు.

"పైన మనిషి ఉన్నాడుగా దీదీ, ఇంకేం భయం," అని ఎక్కేశాడు.

అతను మూడో వరసకు వచ్చేసరికి స్క్రీన్‌లో జోగయ్య లేచి రెండు చేతులూ అడ్డం చాపాడు. ఆ చేతుల్లోంచే కూలీ నడిచాడు. రేకు విరిగిన చప్పుడు రోడ్డు దాకా వినబడింది.

మర్నాడు ఆ కూలీ భార్య వస్తే గేటు తియ్యలేదు. సాయిలక్ష్మిని కూడా లోపలికి రానివ్వలేదు. ఆమె గోడ బయటి నుంచే డ్రోన్ లేపింది. పైన ఇద్దరున్నారు. కొత్తవాడు రేకు అంచున నిలబడి, ఎటు దిగాలో తెలియనట్టు కిందికి చూస్తున్నాడు.

భార్య కొంగుతో స్క్రీన్ మీది దుమ్ము తుడిచింది.

"దింపు," అంది ఛత్తీస్‌గఢీలో. "ఒక్కసారి కిందికి దింపు."

సాయిలక్ష్మి బ్యాటరీ అయిపోయేదాకా డ్రోన్‌ను అతని పక్కనే నిలిపి ఉంచింది.