వంట రానివాళ్లకు మాత్రమే

వంటగది గుమ్మం దాటితే హాలు రావాలి, కానీ రైల్వే ప్లాట్‌ఫారం వస్తోంది. దాని పొడుగునా స్టవ్వులు వెలుగుతున్నాయి, ఒక్కో స్టవ్వు ముందు ఒక్కో మనిషి నిలబడి బియ్యం కడుగుతున్నాడు, ఆ ఆవిరిలో ఎవరి ముఖమూ సరిగ్గా ఆనడం లేదు. భీమశంకరానికి మాత్రం వాళ్ల మధ్య తిరుగుతున్న ఆకుపచ్చ చీర ఎవరిదో తెలుసు. ఆషాఢంలో పోయిన తన భార్య సుభాషిణిది. ఆమె పోయిందని గుర్తుంది, అయినా ఇక్కడ కనబడటం వింతగా లేదు. ఆమె తనకేసి చూడకపోవడమే వింతగా ఉంది.

ఊరి పేరు ఉండాల్సిన పసుపు బోర్డు మీద ఆమె చేతిరాతే ఉంది: 'వంట రానివాళ్లకు మాత్రమే.' ఏలూరులో వాళ్లింటి గేటుకి ప్రతి ఆదివారం వేలాడిన బోర్డే అది. ఉద్యోగాలకని వచ్చి ఒంటరిగా ఉంటూ, హోటల్ తిండికి మొహం మొత్తినవాళ్లు ఆ బోర్డు చూసి లోపలికి వచ్చేవాళ్లు, ఉప్మా, టమాటా పప్పు, చారు నేర్చుకుని వెళ్లేవాళ్లు. వాళ్లు వచ్చే వేళకి భీమశంకరం క్లబ్బులో పేకాటకి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడతను జనాన్ని తోసుకుంటూ ముందుకి నడుస్తున్నాడు, ఎంత నడిచినా మొదటి స్టవ్వు అంతే దూరంలో ఉంటోంది, దాని దగ్గర నిలబడ్డవాడు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాడు. డేవిడ్‌రాజు. తన మేడమీద అద్దెకుండే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా. సుభాషిణి అతని చూపుడువేలు పట్టుకుని బియ్యం గిన్నెలోకి దించి, "చూశావా నాయనా, బియ్యం మీద నీళ్లు ఒక్క గణుపు దాకా. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు" అంటోంది.

భీమశంకరం కడుపులో అగ్గి రాజుకుంటోంది. ఆ మంట కొత్తది కాదు. దినకార్యాలయ్యాక ఒక మధ్యాహ్నం డేవిడ్‌రాజు టమాటా పప్పు గిన్నె తెచ్చిచ్చాడు; మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే సుభాషిణి పక్కన కూర్చుని వడ్డించినట్టే అయింది, రెండో ముద్ద గొంతు దిగలేదు. తన భార్య చేతి రుచి మేడమీద బతికే ఉంది, తనింట్లో లేదు. గిన్నె కడిగి, మెట్ల మీద పెట్టి వచ్చేశాడు. అప్పట్నుంచీ డేవిడ్‌రాజు పలకరించినా సరిగ్గా పలకడం లేదు.

"వాడి వేలు వదులు, సుభా" అంటున్నాడు ఇప్పుడు, దూరమెలా తరిగిందో ఆమె ఎదురుగా నిలబడి.

"వచ్చారా? మీకిక్కడేం పని? క్లబ్బులో పేకాటకి ఒక చెయ్యి తక్కువైందని ఎదురుచూస్తూ ఉంటారు."

"బోర్డు చదివే వచ్చాను. నాకూ వంట రాదుగా!"

ఆమె నవ్వుతోంది, పైట కొంగుతో నుదురు తుడుచుకుంటోంది, చుట్టూ ఉన్నవాళ్లు ఆవిరిలో కలిసిపోతున్నారు, డేవిడ్‌రాజు మాత్రం కదలకుండా పప్పు కలుపుతున్నాడు.

"రిటైరైన కొత్తలో నేర్పమన్నాను. గుర్తుందా?" అంటున్నాడు భీమశంకరం. "గరిటె లాక్కుని, పోండి పోండి అని తరిమేశావు. దారినపోయేవాడికి నేర్పావు, కట్టుకున్నవాడికి నేర్పలేదు. ఇవాళ నాకు స్టవ్ దగ్గర నిలబడితే చేతులాడవు. నీ చేతి వంట వాడు తింటున్నాడు, నేను క్యారేజీ తెప్పించుకుంటున్నాను. ఇదేం న్యాయం?"

సుభాషిణి స్టవ్ మంట తగ్గిస్తోంది. ప్లాట్‌ఫారం చిన్నదవుతూ చిన్నదవుతూ మళ్లీ వాళ్ల వంటగదంత అవుతోంది.

"మీకు వాడి మీద కుళ్లు. నాకు మీ పేకముక్కల మీద ఉండేది" అంటోంది మెల్లగా. "ఆఫీసు, క్లబ్బు, స్నేహితులు, అన్నీ మీకు బయటే. ఆకలొక్కటే మిమ్మల్ని ఇంటికి తెచ్చేది. గుమ్మంలోంచే సుభా, సుభా అని కేకలేస్తూ వచ్చేవారు. ఆ ఆకలి కూడా మీరే తీర్చేసుకుంటే ఇంక నన్నెందుకు పిలుస్తారండీ?"

భీమశంకరం అడగాల్సింది వేరే ఏదో ఉంది, నాలుక మీదికి వేరే మాట వస్తోంది: "అయితే ఇప్పుడు చెప్పు. పప్పులో ఉప్పెంత వెయ్యాలి?"

ఆమె నోరు తెరుస్తోంది. అప్పుడే రైలు కూత ఆమె మాటని మింగేస్తోంది. మళ్లీ కూత. మళ్లీ.

కళ్లు తెరిచాడు. హాల్లో కుర్చీలోనే ఉన్నాడు, ఒళ్లో పేపరు, కిటికీలో ఆదివారపు ఎండ. మేడమీద కుక్కరు కూత వేస్తోంది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి తలుపు తట్టాడు. డేవిడ్‌రాజు గరిటె పట్టుకునే తలుపు తీసి కంగారుపడ్డాడు.

"ఏవైంది సార్? ఒంట్లో బాలేదా?"

"పప్పేనా అది? ఉప్పు వేశావా?"

"లేదండి. దించే ముందు వేస్తానండి."

"ఎంత?"

డేవిడ్‌రాజు బిత్తరపోయి, లోపల్నుంచి ఉప్పు డబ్బా తెచ్చి, గళ్లుప్పు అరచేతిలోకి తీసి చూపించాడు. "ఇంతండి. మేడంగారిని ఎంతమ్మా అనడిగితే, 'మా ఆయనకి సరిపడా' అనేవారండి. అందరికీ అదే కొలత నేర్పారు. మొదట్లో నాకు చప్పగా అనిపించేదండి. ఇప్పుడదే అలవాటైపోయింది."

భీమశంకరం కడుపులో మంట చల్లారలేదు సరికదా, ఇంకాస్త ఎగిసింది. చెయ్యి చాపి ఆ ఉప్పంతా తన అరచేతిలోకి ఒంపుకున్నాడు.

"ఇది నాదయ్యా. నీకెంత కావాలో నువ్వు వేరే వేసుకో" అన్నాడు.

డేవిడ్‌రాజు పక్కకి తప్పుకున్నాడు. భీమశంకరం గుప్పిట బిగించుకుని లోపలికి వెళ్లి, స్టవ్ ముందు నిలబడ్డాడు.

"కుక్కరు మూత ఎలా తీస్తారు?"

"ఆవిరి పోనివ్వండి సార్. కంగారు పడకండి."