చెరువు చూడటానికి వచ్చినవాళ్ళు

మలాయి దేశంలో తైపింగ్ చెరువు చూడటానికి వచ్చేవాళ్ళంతా ముందు కొండను తిడతారు. అది పొద్దున్నే మబ్బు కప్పుకుని కూర్చుంటుంది, మధ్యాహ్నానికి వాన పంపిస్తుంది, రైలు ఛార్జీ పెట్టుకుని వచ్చినవాడికి మొహం చూపించదు. తిట్టడం అయ్యాక పడవ ఎక్కుతారు. పడవ నడిపేవాణ్ణి ఎవరూ చూడరు. వాళ్ళు చూడటానికి వచ్చింది చెరువును కదా.

ఆ పడవ నడిపేవాడు కూర్మయ్య. వారమంతా చెరువు తోటలో గడ్డి కోస్తాడు, ఆదివారాలూ పండగలూ జనాన్ని నీళ్ళ మీద తిప్పుతాడు. ఇదుగో దీవి, ఇవిగో తామరలు, అవిగో నీళ్ళలోకి వంగిన కొమ్మలు, ఆ పైన మబ్బులో దొరల బంగళాలు అంటూ మలాయిలో, అరవంలో, వచ్చీరాని చీనాలో చెబుతాడు. తెలుగులో చెప్పే పని ఎప్పుడూ పడలేదు. తెలుగువాళ్ళు ఎక్కడో రబ్బరు తోటల్లో ఉంటారు, వాళ్ళకు చెరువులు చూసే తీరిక ఏది? సాయంత్రం పాకలో అన్నం వండుకుంటూ కూర్మయ్య పొయ్యితో తెలుగులో మాట్లాడేవాడు. నవ్వేవాళ్ళు నవ్వండి. మాట్లాడకపోతే మరిచిపోతానని భయం వాడికి. ముప్పై దాటాయి, పెళ్ళి లేదు, పలకరించే దిక్కు లేదు.

అలాంటివాడి పడవ దగ్గరికి ఒకరోజు దేవుడమ్మా ముత్యాలూ వచ్చారు. దొరల రాజుగారు గద్దెనెక్కి పాతికేళ్ళయిందని దేశమంతా సెలవిచ్చారు. బాగన్ సెరాయ్ వైపు తోట దొర ఒకాయన సంతోషం పట్టలేక తన కూలీలను లారీలో చెరువు చూసి రమ్మని పంపాడు. దేవుడమ్మ ముసలిది. ముత్యాలు ఆమె పక్కింటి మనిషి, వయసులో ఉన్నది, మొగుడు జ్వరంతో పోయాడు.

"బోల్తా కొడతాదేమో సూడే" అంది దేవుడమ్మ.

కూర్మయ్య చేతిలో తెడ్డు ఆగిపోయింది. "కొట్టదు అత్తా. కూకోండి" అన్నాడు.

అమ్మా అనవలసిన చోట అత్తా అన్నాడు. ఒంటరివాడి తెలివి అలాగే ఉంటుంది.

చెరువు ఒకసారి తిప్పి, డబ్బులు అడగకుండా రెండోసారి తిప్పాడు. దారిలో కనిపించినవన్నీ తెలుగులో చూపించాడు. తామరలను తామరలు అన్నందుకే వాడికి ఒళ్ళు పులకరించింది.

"ఆ కొండ మీద ఏటుంది?" అని అడిగింది ముత్యాలు.

"సలి. దొరలు సలి కోసం ఎక్కుతారు. కూలోళ్ళు కుర్సీల్లో మోసుకెళ్తారు."

"సలి కోసం కొండెక్కాలా? మాకు జొరమొస్తే పాకల లైన్లోకే వొస్తాది సలి."

కూర్మయ్య పకపకా నవ్వాడు. ముత్యాలు కూడా నవ్వింది. ఇంతకాలం నేనెందుకు బతికానో ఇప్పుడు తెలిసింది అనుకున్నాడు వాడు. దేవుడమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వాళ్ళ కులాల్లో మొగుడు పోయినదానికి మారుమనువు తప్పేమీ కాదు. ముసలిదానికి పడవ మధ్యలోనే పెళ్ళిపందిరి కనిపించింది.

"బాబూ, మీ ఇంటిపేరేటి?" అంది.

సముద్రం దాటాక మనవాళ్ళు కులం సంగతి అడిగీ అడగనట్టు వదిలేస్తారు గాని ఇంటిపేరు వదలరు. ఇంటిపేరు ఒకటైతే ఎక్కడ పుట్టినవాళ్ళైనా అన్నాచెల్లెళ్ళే. ఇంక మాట లేదు.

"మజ్జోళ్ళం" అన్నాడు కూర్మయ్య.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం. కూర్మయ్య లెంక వారి పిల్లాడు. తల్లీ తండ్రీ పోతే అప్పడు అనే చిన్నాన్న పెంచాడు. పస్తుల ఏడు వచ్చినప్పుడు, చిన్నాన్న ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని, తోటలకు కూలీలను చేర్చడానికి ఊళ్ళోకొచ్చిన కంగాణి వెంట చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ కంగాణి మజ్జి వారి మనిషి. తన సొంత మనుషులనే తీసుకెళ్ళాలని పైవాళ్ళు అన్నారని, వీణ్ణి తన అన్న కొడుకని రాయించాడు. ఓడెక్కించే డిపోలో ఎవరడిగినా మజ్జి, ఓడలో మజ్జి, దిగాక మజ్జి. కంగాణి చచ్చిపోయాడు, పేరు మాత్రం వీడి నోట్లో ఉండిపోయింది.

ముత్యాలు వాడి వైపు తిరిగింది. "నాను మజ్జోళ్ళ ఆడపడుసునే" అంది. తరవాత "అన్నా" అంది. ఏడుపు మొదలుపెట్టింది.

"నా మొగుడు సచ్చిపోతే పుట్టింటి కోక తెచ్చినోళ్ళు నేరన్నా. అందరికీ ఎవరో ఒకరున్నారు. దిక్కుమాలినదాన్లాగ కూకున్నాను. ఈ దేశంలో నాకెవరూ నేరనుకున్నాను."

"అది కాదు" అన్నాడు కూర్మయ్య.

"ఏది కాదన్నా?"

నేను లెంకవాణ్ణి అని ఒక్క మాట అంటే చాలు. అంటే ఆమెకు ఇప్పుడే దొరికిన అన్న పోతాడు, పేరు మార్చుకుని తిరిగే మగవాడొకడు మిగులుతాడు. వాణ్ణి ఆమె చేసుకుంటుందో లేదో దేవుడికి తెలియాలి. కూర్మయ్య ఆ తడి మొహంలోని సంతోషం చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏడవకమ్మా. పడవ ఊగతాది" అన్నాడు.

ఒడ్డుకు చేరేలోగా దేవుడమ్మ రెండో పందిరి వేసేసింది. పక్క తోటలో వీరాస్వామి అని బుద్ధిమంతుడు ఒకడు ముత్యాలును అడుగుతున్నాడట. పుట్టింటివాళ్ళు కోక పెట్టి పంపకుండా ఎలా తెచ్చుకుంటామని వాళ్ళ పెద్దలు పట్టుబట్టారట. "నువ్వొచ్చి కోకెడితే ఆళ్ళ నోళ్ళు మూతపడతాయి. ఒస్తావా నాయనా?"

"ఒస్తాను" అన్నాడు.

వెళ్ళాడు. పసుపు అంచు కోక తనే బేరమాడి కొన్నాడు. కొంటున్నప్పుడు దుకాణంలోనే ఏడుపొచ్చింది. చెల్లెలి పెళ్ళి కాబోలు అనుకుని దుకాణంవాడు ఓదార్చాడు. పెద్దలందరి ముందూ ముత్యాలు చేతుల్లో ఆ కోక పెట్టాడు. ఆమె కాళ్ళకు దండం పెడితే దీవించాడు. మనసారానే దీవించాడు, అందులో అబద్ధం లేదు. తిరిగి వచ్చాక చాలా రోజులు పొయ్యితో కూడా మాట్లాడలేదు.

మరుసటి దీపావళికి ముత్యాలు మొగుణ్ణి తీసుకుని తోట లారీలో చెరువు చూడటానికి వచ్చింది. వెంట ఒక పిల్ల. పేరు నూకమ్మ. మేనమామ కుటుంబంతో కొత్తగా ఓడ దిగింది. ముత్యాలు అన్నను పక్కకు పిలిచి, "నీ కోసమే తెచ్చినానన్నా. మజ్జోళ్ళు కారు, అడిగే తెచ్చినాను. పడవలో మాటాడు, దిగినాక సెప్పు" అంది. అన్న ఒంటరిగా ఉన్నాడన్న బెంగ ఆమెకు నిజంగా ఉంది.

పడవ కదిలింది. కొండ ఆరోజు మబ్బు లేకుండా నీళ్ళలో మొత్తం కనిపించింది. వీరాస్వామి ఆశ్చర్యపోయి చూశాడు. నూకమ్మ మాత్రం చూడలేదు.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు కూర్మయ్య.

"నాగావళి ఒడ్డున పోలవలస."

వాడి ఊరు.

"ఎవరోళ్ళు?"

"లెంకోళ్ళం. మా నాయన పేరు అప్పడు."

కూర్మయ్య తెడ్డు వేస్తూనే ఉన్నాడు. అప్పడు చిన్నాన్న వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని శ్రీకూర్మం యాత్రకు తీసుకెళ్ళినవాడు. తను ఊరు వదిలాక పుట్టిన చెల్లెలు ఇది. కూర్చున్న తీరు కూడా చిన్నాన్నదే.

"మీ నాయన బాగున్నాడా?"

"పోయినాడు. మొన్న వానల్లో." నూకమ్మ కొంగు నలిపింది. "మా అన్న వరసోడొకడు సిన్నప్పుడే యల్లిపోయినాడంట. కడదాకా ఆణ్ణే తలుసుకున్నాడు."

"ఆ అన్నని ఇక్కడ ఎతకాలి మరి. కూర్మయ్య బావా, నీకు తెలిసినోళ్ళు ఎవరైనా ఉన్నారా లెంకోళ్ళు?" అన్నాడు వీరాస్వామి.

కూర్మయ్య ముత్యాలు వైపు చూశాడు. తను పెట్టిన పసుపు అంచు కోకే కట్టుకుని, మొగుడి పక్కన, పుట్టింటివాళ్ళ పడవలో కూర్చున్నదానిలా నిశ్చింతగా కూర్చుంది.

"తెలీదు" అన్నాడు.

చావు కబురు వింటే అయినవాళ్ళు తల మీద నీళ్ళు పోసుకోవాలి. ఒడ్డు దగ్గరకు రాగానే కూర్మయ్య పడవ ఆపడానికన్నట్టు నీళ్ళలోకి దిగి తల ముంచాడు. ఇంకోసారి ముంచాడు. వాడు జారిపడ్డాడనుకుని వీరాస్వామి నవ్వాడు, నూకమ్మ కూడా నవ్వింది. ముత్యాలు కొంగుతో వాడి తల తుడుస్తూ, "ఎలగుంది పిల్ల?" అని మెల్లగా అడిగింది.

"నాకొద్దమ్మా."

"ఏల? ఏటి లోటు?"

"లోటేటీ నేదు. నాకు పెళ్ళే వొద్దు."

"నా మాట తీసేసినావన్నా" అని ముత్యాలు మొహం తిప్పుకుంది. మొగుణ్ణి లేవదీసి లారీ వైపు నడిచింది. నూకమ్మ అంతా వింది. వాళ్ళ వెనకే నాలుగడుగులు వేసి, ఏమనుకుందో, తిరిగి వచ్చింది.

"నాకేటి కోపం నేదు" అంది తల వంచుకుని. "ఈ దేశమొచ్చినాక మా నాయన బాగున్నాడా అని అడిగినోడివి నువ్వొక్కడివే."

కూర్మయ్య తల ఊపాడు. నోరు తెరిస్తే ముత్యాలుకు పుట్టిల్లు పోతుంది.