ఉప్పు గడి

నేను ఒక గడిని. పచ్చళ్ల కొలతల పట్టికలో, నాలుగో వరసలో నా కాపురం. ఫోనులో చూస్తే మీ బొటనవేలి గోరంత కూడా ఉండను. నా ఎడమ పక్కన ‘ఉప్పు’ అని రాసి ఉంటుంది. నాలో ఒక అంకె ఉంటుంది. పది కిలోల మామిడి ముక్కకు ఎంత ఉప్పు పడాలో ఆ అంకె చెబుతుంది. పేరుకు ఉప్పును మోస్తున్నానే గాని, ఒక్క రవ్వ కూడా రుచి చూసి ఎరగను. నాకు నాలుక లేదు కదా.

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో, సూరాయమ్మ ఫోనులో పుట్టాను. ఆవిడా మరో ఐదుగురు ఆడవాళ్లూ సంఘంగా చేరి ఆవకాయ పెట్టి అమ్ముతారు. ఎవరింట్లో వాళ్లు కలుపుతారు, సీసా మీద మాత్రం అందరిదీ ఒకటే పేరు. ఆరిళ్లలో కలిపినా రుచి ఒకటే రావాలని, వాళ్లలో చదువుకున్న అనంతలక్ష్మి సూరాయమ్మ ఫోనులోనే ఈ పట్టిక చేసి ఆరు ఫోన్లకూ పంచింది. అందరూ నన్ను చూడవచ్చు, అందరూ మార్చవచ్చు.

అక్కడే వచ్చింది చిక్కు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. ఆ ఆరు జిహ్వలూ నా మీదే పడ్డాయి. పొద్దున ఒకావిడ తన పుట్టింటి కొలత పెట్టేది. మధ్యాహ్నానికి ఇంకొకావిడ దాన్ని చెరిపి మేనత్త కొలత పెట్టేది. బేబీరాణి అత్తగారికి రక్తపోటు. ఆ పచ్చడంతా అత్తగారొక్కరే తింటారన్నట్టు, బేబీరాణి నాలోంచి అర కిలో తీసేసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఆ రోజులు ఎంతో బాగుండేవి. రోజుకు నాలుగు వేళ్లయినా తగిలేవి.

శ్రావణం వచ్చేసరికి ఆవకాయకు బూజు పట్టింది. అమ్మిన చోట నుంచి నలభై సీసాలు తిరిగొచ్చాయి. ఇంకోసారి ఇలా జరిగితే సంఘం పేరు చెప్పి పచ్చడి అమ్మలేమని అనంతలక్ష్మి కళ్ల నీళ్లు పెట్టుకుంది. సూరాయమ్మ తన ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

“ఉప్పు కాడ తాళం వేసెయ్యమ్మా. నేను తప్ప ఇంకోళ్లు ముట్టుకోకూడదు.”

అలా నాకు తాళం పడింది. ఆవపిండి గడికీ కారం గడికీ రోజూ చుట్టాలే. నా దగ్గరికి ఎవరైనా వస్తే, మార్చే అనుమతి మీకు లేదని ఒక చీటీ ఎదురొచ్చేది. మొదట్లో బేబీరాణి వేలు వారానికోసారైనా వచ్చి, ఆ చీటీ చూసి వెనక్కి పోయేది. పోను పోను అదీ మానేసింది. భద్రంగా ఉన్నాను, నిజమే. కానీ భద్రంగా ఉన్నవాణ్ని పలకరించేవాళ్లు ఉండరని అప్పుడే తెలిసింది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం నాకు పండగ. కొత్తకాయ దిగిన రోజున సూరాయమ్మ ఒక ముక్క కొరికి, ఉప్పు రాయి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకునేది. కాయా ఏటా ఒకేలా ఉండదు, ఉప్పూ ఒకేలా ఉండదు. తర్వాత ఆవిడ వేలు నా మీదికి వచ్చేది. యాభై గ్రాములు పెంచేది, లేదా తగ్గించేది. ఆ వేలి కోసం ఏడాదంతా ఎదురుచూసేవాణ్ని.

నాలుగో ఏడూ కొత్తకాయ దిగింది. సూరాయమ్మ ముక్క కొరికింది, కళ్లు మూసుకుంది. ఒక అంకె కొట్టి చెరిపేసింది. ఇంకొకటి కొట్టి అదీ చెరిపేసింది. చివరికి నిరుటి అంకెనే, రెండు కిలోల వంద గ్రాములనే, మళ్లీ పెట్టి ఫోను పక్కన పెట్టేసింది. ఆవిడ వేలు అలా తడబడడం నేనెన్నడూ చూడలేదు. భయమేసింది.

మూడో రోజు ఆవకాయ తిరగకలిపి ఉప్పు చూడడం వాళ్ల పద్ధతి. ఆ ఉదయం బేబీరాణి సూరాయమ్మ ఇంటికి వచ్చింది. ఫోనులో పట్టిక తెరిచే ఉంది కాబట్టి అంతా విన్నాను.

“ఈ ఏడు కాయ మీద వాన పడింది, పెద్దమ్మా. ముక్కలో నీరెక్కువుంది. ఉప్పు చాల్లేదు.”

“నా నాలిక్కి సరిపోయిందే.”

బేబీరాణి వాదించలేదు. వంటింట్లోకి వెళ్లి, చిన్న గిన్నెలో ఏదో కలిపి తెచ్చింది. “ఇది చూడు.”

సూరాయమ్మ నమిలింది. “ఇదీ సరిపోయింది.”

“ఇందులో ఉప్పే వెయ్యలేదు, పెద్దమ్మా.”

సూరాయమ్మ గిన్నె కింద పెట్టేసింది. “పుష్యమాసంలో జొరం వచ్చింది గదా,” అంది. “అప్పట్నుంచీ కారం మంట ఒక్కటే తెలుత్తంది. ఇంకేం తెలవట్లేదు. ఎవరికీ చెప్పకే.”

“చెప్పను. కానీ మళ్లీ బూజు పట్టనివ్వను. అప్పుడు పట్టింది నావల్లే.”

సూరాయమ్మ ఫోను ఆమె వైపు జరిపింది. “ఆ తాళంలో నీ పేరు కూడా పెట్టుకో.”

నాలుగేళ్ల తర్వాత బేబీరాణి వేలు నన్ను తాకింది. చీటీ ఎదురు రాలేదు. నూటయాభై గ్రాములు పెంచింది. అత్తగారిని తలుచుకోలేదు. తిరగకలిపేటప్పుడు ఆరిళ్లలోనూ ఆ మేరకు ఉప్పు కలిపారు. ఆ శ్రావణంలో ఒక్క సీసా తిరిగి రాలేదు. సూరాయమ్మ ఈ ఏడూ ఉప్పు భలే పట్టుకుందని అందరూ మెచ్చుకుంటే, బేబీరాణి కూడా అవునని తలాడించింది.

ఇప్పుడు కొత్తకాయ రోజున నా దగ్గరికి వచ్చేది బేబీరాణే. కానీ సాయంత్రాలు పట్టిక తెరిచేది సూరాయమ్మ. తాళం ఇప్పటికీ ఆవిడదే, కావాలంటే మార్చగలదు. ఏమీ మార్చదు. నా మీద వేలు పెట్టి, అంకె చదువుకుని, కాసేపు అలాగే ఉంటుంది. ఆ వేలు ఒకప్పుడు ఏడాదికొక్కరోజు వచ్చేది, ఇప్పుడు రోజూ వస్తుంది. నేను కోరుకున్నది ఇదే కదా, మరి ఎందుకో సంతోషం కలగడం లేదు.

ఉప్పు ఎంత పడాలో నాకు తెలుసు. ఎలా ఉంటుందో తెలియదు. ఇప్పుడు ఆవిడకూ అంతే.