పాతది చాలు

భీమశంకరం నాకు అన్యాయం చేసిండు. చెప్పవలసిన మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నా భార్య ముత్యమ్మ ఆఖరి ఏడాది అట్లా గడిచేది కాదు. దీనిమీద నాకు అనుమానం లేదు. ఎవరితో వాదనా లేదు.

నేను పటాన్‌చెరులో వాల్వులు చేసే కంపెనీలో టర్నర్‌ను. ఊర్లో ఏడో తరగతి దాకా చదివిన. ఇరవై రెండేండ్లు ఒకే లేతు మిషన్ ముందర నిలబడ్డ. తొంభై తొమ్మిదిలో కంపెనీవాళ్లు కంప్యూటర్‌తో నడిచే మిషన్లు తెచ్చిన్రు. నేర్చుకున్నోళ్లు ఉంటరు, నేర్వనోళ్లు పోతరు అన్నరు. నేను నేర్చుకున్న. నా పాత లేతును లారీకెక్కించి తుక్కుకు తోలిన రోజు గేటు దగ్గరే ఉన్న. బాధపడలేదు. పాతది పోతది, కొత్తది వస్తది, ఇందులో ఏడ్చేదేమున్నది అనుకున్న.

వేళ్లు తిరగాలని ఆఫీసులో తీసేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకున్న. దాన్ని చూసే భీమశంకరం మా ఇంట్లోకి వచ్చిండు.

అతనిది మా పక్క ఇల్లు. గోదావరి దిక్కు మనిషి. ముప్పై ఏండ్ల కింద పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయిండు. రెండిండ్ల గడపల మధ్య పన్నెండు అడుగులు ఉంటది. విమానాలంటే అతనికి పిచ్చి. ఒక ఐతారం పొద్దున సీడీ ఒకటి పట్టుకొని వచ్చిండు.

"యాదగిరి గారూ, ఇది ఫ్లైట్ సిమ్యులేటరండీ. కుర్చీలో కూర్చునే విమానం నడపొచ్చు."

"సారూ, మా ఇంట్ల సైకిలుకే గాలి లేదు. విమానమేంది?"

"ఆట అనుకోకండి. పైలట్లు కూడా ఇలాంటివాటి మీదే నేర్చుకుంటారు. మన బేగంపేట ఎయిర్‌పోర్టు కూడా ఉందండీ ఇందులో."

అప్పటిదాకా వంటింట్లో చింతపండు పిసుకుతున్న ముత్యమ్మ చెయ్యి కడుక్కోకుండానే బయటికి వచ్చింది.

"బేగంపేట నుంచి మావూరు ఎంత దూరముంటది సారూ?"

ముత్యమ్మకు తల్లిగారి ఊరు లేదు. ఏటిగడ్డపల్లి అని మంజీర ఒడ్డున ఉండేది. సింగూరు ప్రాజెక్టు కింద ముంపులో పోయింది. ఊరివాళ్లు తలో దిక్కు పోయిన్రు. బతుకమ్మకు మా వాడకట్టు ఆడవాళ్లందరూ తల్లిగారిండ్లకు పోతే, ఈమె పోవడానికి ఊరు లేక ఇంట్లోనే ఉండేది.

నీళ్లు నింపే ముందు, ఆ ఎండాకాలం, నన్ను ఒకటే అడిగింది. "ఒక్కసారి తీస్కపో. సూసొస్త." ఓవర్‌టైం ఉండె. వచ్చే ఐతారం పోదామన్న. అట్లా మూడు ఐతారాలు పోయినయి. ఒక్కదాన్నే పోతనంటే పోనియ్యలేదు. వానలు పడ్డయి. తర్వాత చూడడానికి నీళ్లే మిగిలినయి. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి మరిచిపోయిందనుకున్న.

భీమశంకరం ఇంటికి పోయి మ్యాపు, స్కేలు తెచ్చిండు. కాగితం మీద గీత గీసిండు. విమానంలో దిక్కు చూపించే ముల్లు ఒకటి ఉంటది. బేగంపేటలో లేచి, ముల్లును ముప్పై అంకె మీద, అంటే వాయవ్యం దిక్కుకు పెట్టి, ఇరవై నిమిషాలు పోతే మంజీర వస్తుందని, అక్కడ నది వంపు తిరిగిన చోటే ఊరని చెప్పిండు. ముత్యమ్మకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. కీబోర్డు మీద పనికొచ్చే బటన్లకు బొట్టుబిళ్లలు అంటించింది. ఇంజన్‌కు ఎర్రది, రెక్కలకు పచ్చది, బ్రేకుకు మెరుపులది. పది రోజులు విమానాన్ని రోడ్డు పక్కన బోర్లేసింది. నేను నవ్విన. పదకొండో రోజు లేపింది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పని తీరినంక అదే.

"జెర తల్లిగారింటికి పోయొస్త. పాలు పొంగకుంట సూడు" అనేది, నేను ఇంట్లో ఉన్న రోజు.

సెలవు రోజున ఒకసారి వెనక నిలబడి చూసిన. ఆ పాతదాంట్లో నేల తప్ప ఏమీ లేదు. ఊరు లేదు, చెట్టు లేదు, గోడ లేదు. మట్టిరంగు నేల, దాని మీద నీలం దారం లెక్క నది. వంపు దగ్గర విమానాన్ని చుట్టు తిప్పుకుంట, వేలు పెట్టి చూపించింది.

"గీడ మా కల్లం. గిది చిన్నాయన పెరడు. గీడికెల్లి దిగితె రేవు."

"ఏమే, గీడ ఏమున్నదే? గోనెసంచి పరిచినట్టున్నది."

"నీకు గోనెసంచే కనబడ్తది తియ్యి" అన్నది. ఆ రోజు ఆమె మనసు బాగున్నది.

రెండేండ్లు గడిచినయి. సంగారెడ్డి బస్టాండు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే లింగం దగ్గరికి ఏదో పనికి పోయిన. అతని దగ్గర కొత్త సిమ్యులేటర్ నడుస్తున్నది.

"యాదన్నా, వదిన ఇంక గా పాతదాన్నే నడుపుతున్నదా? జెర గిది సూడు. గుట్టలు గుట్టల్లెక్క, చెరువులు చెరువుల్లెక్క. నీళ్ల మీద ఎండ ఎట్ల మెరుస్తున్నదో సూడు."

"ఊళ్లు కనబడ్తయా?"

"ఊళ్లేంది అన్నా, రోడ్లు గూడ కనబడ్తయి. కాకపోతె నీ డబ్బాల రెంటికీ జాగ సాలదు. పాతది తీసేస్తెనే కొత్తది ఎక్కుతది."

నీళ్ల మాట అతని నోటితోనే విన్న. అయినా నాకు తట్టలేదు. రెండేండ్లుగా ఆమె రోజూ పోయి వస్తుంటే, ఆ ఊరు ఉన్నదనే నేను గూడ అనుకుంటున్న. కొత్తదాంట్లో ఇంకా బాగా కనబడుతుందనుకున్న. ఆమెకు నేను చేసిన మంచి ఒకటి ఉండాలనుకున్న.

ఇంటికి వచ్చేసరికి భీమశంకరం గేటు దగ్గర నిలబడి ముత్యమ్మతో మాట్లాడుతున్నడు. ఆమె మిరపకాయలు ఎండబోస్తున్నది.

"సారూ, కొత్తది వచ్చిందంట. ఎక్కిస్తున్న" అన్న.

అతడు ముత్యమ్మ దిక్కు చూసిండు. తర్వాత నా దిక్కు.

"ఎందుకండీ యాదగిరి గారూ. మీకు పాతది చాలండీ."

ఆ 'చాలు' నాకు ఎక్కడో తగిలింది. ముప్పై ఏండ్లుగా విన్న మాట అది. మా భూముల మీద ఫ్యాక్టరీ కట్టి, వాళ్ల దిక్కు మనుషులను ఆఫీసులో కూర్చోబెట్టి, మాకు గేటు కాడ పని చాలన్నరు. ఈయన ఇప్పుడు నా ఇంట్లోకి వచ్చి, నా భార్యకు ఏది చాలో చెప్తున్నడు.

"చాలా? మాకు పాతవే చాలునా సారూ? కొత్తవి మీకా?"

"అయ్యో, నా ఉద్దేశం అది కాదండీ."

"మరేంది? చెప్పు."

చెప్పలేదు. మళ్లీ ముత్యమ్మ దిక్కు చూసి నోరు మూసుకున్నడు. ఆమె తలెత్తలేదు.

"పాతదే ఉండనీయయ్యా. నాకు అదే మంచిగున్నది" అన్నది మెల్లగా.

"నువ్వు గూడ ఆయన దిక్కేనా?" అన్న. వాడకట్టు వినేటట్టు అన్న. "ఇగ నుంచి మా ఇంట్ల కాలు పెట్టొద్దు సారూ. మావోళ్లు మీ గడప తొక్కరు."

ఆయన పోయిండు. ఆ పన్నెండు అడుగులు ఆ రోజుతో బందైనయి.

మరునాడే కంప్యూటర్‌ను ఆటోలో సంగారెడ్డికి తీసుకపోయిన. లింగం పాతదంతా తుడిచేసి కొత్తది ఎక్కించిండు. కీబోర్డు మురికిగా ఉన్నదని బొట్టుబిళ్లలు గూడ గీకేసి, తళతళా తుడిచి ఇచ్చిండు. తెచ్చి బల్ల మీద పెట్టి ముత్యమ్మను పిలిచిన.

"కూసో. నడుపు. నేను సూస్త."

"తర్వాత నడుపుత తియ్యి."

"ఇప్పుడే. గింత దూరం మోసుకొచ్చిన."

కూర్చున్నది. బిళ్లలు లేకున్నా వేళ్లకు అలవాటున్నది. బేగంపేటలో లేచింది. ముల్లు ముప్పై మీద పెట్టింది. లింగం చెప్పింది నిజమే. రోడ్లు కనబడ్డయి. గుట్టలు గుట్టల్లెక్క ఉన్నయి. నేను పక్కన నిలబడి ఒక్కొక్కటి చూపిస్తున్న. ఆమె బొమ్మ దిక్కు చూడలేదు. గోడ గడియారం దిక్కే చూస్తున్నది. నేను మెచ్చుకుంటుంటే "ఆఁ, ఆఁ" అంటున్నది.

ఇరవై నిమిషాలకు నీళ్లు వచ్చినయి. దారం కాదు. ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకున్న నీళ్లు. వంపు లేదు. మీద ఎండ మెరుస్తున్నది.

అప్పుడు తెలిసింది నాకు. చూపిస్తున్న చెయ్యి దించుకున్న. ఆమెనే మాట్లాడింది.

"నీళ్లు మంచిగ మెరుస్తున్నయి."

ఆ సమయంలో తప్పైందే అనవచ్చు. నేను అన్నది వేరే.

"ఉన్నదే సూపెట్టింది గద. ప్రాజెక్టు ఉన్నది. నీళ్లున్నయి. పాతదాంట్లదే అబద్ధం."

"అవునయ్యా" అన్నది. కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసింది. విమానం కొంతసేపు దానంతట అదే పోయి, ముక్కు వంచి నీళ్లలో పడ్డది. ఆమె లేచి చాయ పెట్టడానికి పోయింది.

మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. కోపం చేయలేదు. అన్నం పెట్టింది. బట్టలు ఉతికింది. అడిగినదానికి జవాబు చెప్పింది. మధ్యాహ్నాలు పని తీరినంక అరుగు మీద ఊరికే కూర్చునేది. వారం తర్వాత ఒక్కసారి అడిగింది.

"శంకరం సారు దగ్గర పాతది ఉంటదేమో. అడుగుతవా?"

"ఆయన గడప తొక్కుతనా నేను?"

"సరె తియ్యి" అన్నది. తానుగా పోయి అడగలేదు. నేను గడప తొక్కరని చెప్పిన కాబట్టి తొక్కలేదు. నా మాట నిలబెట్టింది.

నేను వెతకలేదని ఎవరూ అనుకోవద్దు. లింగాన్ని అడిగిన. "అన్నా, తుడిచేసినంక ఇగ ఏముంటది? కొత్తదొచ్చినంక పాతది ఎవడు పెట్టుకుంటడు?" అని నవ్విండు. రామచంద్రాపురంలో రెండు దుకాణాలు తిరిగిన. సెలవు పెట్టి హైదరాబాద్ కోఠికి పోయిన. ఫుట్‌పాత్ మీద సీడీలు అమ్మేవాళ్లను వరుసగా అడిగిన. అందరి దగ్గరా కొత్తదే ఉన్నది. రెండుసార్లు పోయిన కోఠికి. బస్సు దిగి ఇంటికి వచ్చేటప్పుడు రెండుసార్లూ భీమశంకరం కిటికీ ముందు నుంచే వచ్చిన. లోపల అతని కంప్యూటర్ వెలుగుతున్నది. తలకాయ తిప్పుకొని వచ్చిన.

ఆ చలికాలం ఆమెకు కాళ్లు ఉబ్బినయి. మూత్రపిండాలు పాడైనయని సంగారెడ్డిలో చెప్పిన్రు. ఎండాకాలం దాటలేదు.

పదకొండో రోజు కర్మ అయినంక, మరునాడు భీమశంకరం వచ్చిండు. గేటు బయటే నిలబడ్డడు. లోపలికి రమ్మని నేను అనలేదు. కాగితం సంచిలో నుంచి సీడీ తీసి ఇచ్చిండు.

"పాతదండీ. ఉంచండి."

"ఇది నీ దగ్గరనే ఉన్నదా?"

"నా దగ్గరే ఉందండీ."

"ఏడాది నుంచి?"

"మొదట్నుంచీ ఉంది. అడిగితే ఇచ్చేవాణ్ణి. గడప తొక్కొద్దన్నారు మీరు."

"కొత్తదాంట్ల నీళ్లున్నయని నీకు ముందే ఎరుకనా?"

"తెలుసండీ. నా దాంట్లో ముందే చూశాను. మీ ఆవిడకి చెప్పాను కూడా."

ఆమెకు తెలుసు. తెలిసి నా కోసం ఇరవై నిమిషాలు నడిపింది.

"నాకెందుకు చెప్పలే?"

భీమశంకరం కాగితం సంచిని మడత పెట్టుకుంట చెప్పిండు.

"ఆవిడే వద్దందండీ. 'ఆయనకు చెప్పకుర్రి సారూ. నీళ్లు రాకముందు తీస్కపొమ్మని అడిగిన. తీస్కపోలే. గది యాదికొస్తె మనిషి అన్నం తినడు' అంది. అందుకే చాలు అని మాత్రం అన్నాను."

"ఆమె వద్దంటె నువ్వు ఊకుంటవా?"

"ఊరుకోవాలి కదండీ."

పోయిండు. నేను మంచిగా ఒక మాట గూడ అనలేదు.

ఆ సీడీ ఎక్కించలేదు. ఎక్కించి ఏం చేయాలె? ఆ ఊరు నేను పెండ్లినాడు ఒక్కసారే చూసిన, అది గూడ పందిట్లో కూర్చొని. ఏ ఇల్లు ఎక్కడ ఉండెనో నాకు తెల్వదు. అడిగితే చెప్పేది ఆమె ఒక్కతే.

మాసికం నాడు ఆమె చెల్లెలు నర్సింహమ్మ అడిగింది. "బావా, అక్క ఆఖరికి ఎందుకట్ల ముభావంగ ఉన్నది? ఏమైంది మీ ఇద్దరికి?" అన్నం వడ్డించమని చెప్పిన.

భీమశంకరం చెప్పి ఉండాలె. ఆమె వద్దన్నా చెప్పి ఉండాలె. అతన్ని నేను క్షమించలేదు. కోఠి దాకా పోయినోన్ని పక్కింటికి పోలేదు, నన్ను గూడ నేను క్షమించుకోలేదు. ఒక్కసారి రాసిన, అయిపోయింది. నర్సింహమ్మ అడిగినా, భీమశంకరమే వచ్చి అడిగినా, ఇగ ఈ ముచ్చట నా నోటి నుంచి రాదు.