టైరు కింద రాయి

జకర్యా బటన్ నొక్కాడు. స్టీరింగు వెనక పచ్చటి అక్షరాలేవో వెలిగాయి గానీ బండి ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కాడు. ఆ అక్షరాలు కూడా పోయాయి.

దిగి బానెట్ ఎత్తాడు. నూనె పుల్ల తీసి చూద్దామంటే అదెక్కడుందో తెలియలేదు. లావుపాటి నారింజ రంగు తీగలు అడ్డంగా పోతున్నాయి. వాటిలో కరెంటు ఉంటుందన్న మాట గుర్తొచ్చి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. వాకిట్లో వంకాయలు తరుగుతున్న తబితా మొగుడి అవస్థ చూసి నవ్వాపుకోలేకపోయింది.

"అది నడుస్తనే ఉంటదయ్యా. సప్పుడు రాదని మా తమ్ముడు చెప్పలేదా? బండిని సూసి గంత భయపడితె ఎట్ల?"

భయం జకర్యాకు కొత్త కాదు. కుర్రతనంలో లారీ క్లీనరుగా ఉండగా డ్రైవరు కునుకు తీసి లారీని అడవిలో బోల్తా కొట్టించాడు. అద్దంలోంచి పాక్కుంటూ బయటపడ్డ జకర్యా ఆ భయాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. సన్నటి మనిషి, పెద్ద చెవులు, ఎండకు నల్లబడ్డ కుడి చెయ్యి. బండి తీసేముందు స్టీరింగు మీద నుదురు ఆనించి ప్రార్థన చేస్తాడు. ఎదురుగా లారీ కనిపిస్తే రోడ్డు దిగి నిలబడతాడు. చండ్రుగొండలో అందరూ అతన్ని నత్త అని ఎగతాళి చేస్తారు. చేసినవాళ్ళే కడుపుతో ఉన్న కూతుళ్ళను మాత్రం వేరే బండి ఎక్కనివ్వరు. పిరికోడి బండే పదిలమని వాళ్ళకూ తెలుసు.

పాత కిరాయి బండి డీజిలుది. కొండంత ఉండేది. గేరు మార్చితే ఒళ్ళంతా వణికేది, సైలెన్సరు ఎన్నిసార్లు అతికించినా డబడబలాడేది. పదిహేనేళ్ళూ దాని చప్పుడు వింటూనే జకర్యా దాని ఆరోగ్యం చెప్పగలిగాడు. చివరికి పొగ ఎక్కువైందని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. బామ్మర్ది బెంజమిన్ తల్లాడలో మెకానిక్కు. అతను హైదరాబాదు తీసుకుపోయి, పాత ఇనుము కింద దాన్ని వదిలించి, ఎవరో వాడిన ఈ చిన్న హైబ్రిడ్ బండి ఇప్పించాడు. పెట్రోలూ కరెంటూ రెండింటితో నడుస్తుందట. ఎప్పుడు ఏది కావాలో అదే చూసుకుంటుందట. అదే జకర్యాకు మింగుడు పడలేదు. తనను అడక్కుండా ఆగిపోయే ఇంజనును నమ్మేదెట్లా?

కానీ ఈవేళ పోక తప్పదు. దారిలో ముత్యాలమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది.

అడవిలో తునికి మిట్ట దగ్గర రోడ్డుకు దూరంగా, లోపలికి, ఆమె గుడిసె. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. మూత్రపిండాలు చెడి ఏడాది దాటింది. కొత్తగూడెం దవాఖానాలో మిషను మీద రక్తం కడగాలి. వంతు వచ్చిన ప్రతిసారీ జకర్యానే తీసుకుపోతాడు, కిరాయి మాట ఎత్తడు. తన తల్లిని ఆఖరి రోజుల్లో మోసి, కడిగి, గంజి తాగించింది ఈవిడే. ఇద్దరిదీ ఒకటే చర్చి. చిన్నమ్మా అని పిలుస్తాడు.

అక్కడ ఫోను పలకదు. పలకాల్సిన అవసరమూ లేకపోయింది. పాత బండి వాగు దాటి మిట్ట ఎక్కడం మొదలుపెడితే ఆ డబడబ గుడిసె దాకా వినిపించేది. సంచీ చంకన పెట్టుకుని ఆమె బయల్దేరేది. బండి మిట్ట మీదికి వచ్చేసరికి రోడ్డు పక్కన ఉండేది. హ్యాండు బ్రేకు అంతంత మాత్రం కాబట్టి వెనక టైరు కింద తనే ఒక రాయి పెట్టి, అప్పుడు ఎక్కేది. పైన చదునుకు పోయాక జకర్యా బండి ఆపి, వెనక్కి నడిచి, ఆ రాయిని రోడ్డు వారకు తీసిపెట్టి వచ్చేవాడు, ఎవరి టైరుకైనా తగులుతుందని. లోపల కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు.

బండి మార్చే తిరుగుడులో మొన్నటి వంతు తప్పింది. ఒకటి తప్పితే ఓర్చుకుంటుంది, రెండోది మాత్రం తప్పనివ్వొద్దని నర్సు ముందే గట్టిగా చెప్పింది. కిందటిసారి చూసినప్పుడే ఆమె కాళ్ళు ఉబ్బి ఉన్నాయి.

జయప్రకాశ్ మాస్టారూ ఆయన భార్య రుక్మిణీ వెనక ఎక్కారు. బండి మెత్తగా కదిలింది. టైర్ల కింద ఎండుటాకులు నలగడం కూడా వినిపిస్తోంది. దారి మధ్య పడుకున్న మేక బండి మీదికి వచ్చేదాకా లేవలేదు. ఎవరినో ఒకరిని చంపేస్తాను ప్రభువా అనుకున్నాడు జకర్యా.

వాగు దాటింది. మిట్ట ఎక్కుతుంటే ఇంజను సన్నగా మూలిగింది. పైన ఎవరూ లేరు. బ్రేకు తొక్కాడు. ఆ కాస్త మూలుగూ టక్కున ఆగిపోయింది.

జకర్యా హారను కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాడు. గుడిసె దాకా పోయి రావాలని కాలు తలుపు వైపు జరిగింది. పోయి వచ్చేసరికి ఇది మొత్తానికే చచ్చి ఉంటే? ఎలుగులు తిరిగే అడవిలో, మనుషులను ఎక్కించుకుని?

"బండి ఆగిపోయిందా ఏంది?" అంది రుక్మిణి.

ఆ మాటతో కళ్ళు మూసుకుని ఎక్సలేటరు తొక్కాడు. బండి కదిలింది. కదిలిందే చాలు, ఇక ఆపకూడదు అనుకున్నాడు. మొన్న తను రాలేదు కాబట్టి ఈసారి పక్క గుడిసె బిచ్యా మోటారుసైకిలు మీద తీసుకుపోయి ఉంటాడని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే అడవి దాటేశాడు.

కొత్తగూడెంలో వాళ్ళను దింపి నేరుగా దవాఖానాకు పోయాడు. ముత్యాలమ్మ మంచం మీద ఎవరో కుర్రవాడున్నాడు. ఆమె రాలేదని నర్సు అంది. రెండు వంతులు తప్పాయని కూడా అంది. జకర్యా ఆ వరండాలోనే గోడ పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు తట్టింది. బండి మారిందని ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పాత చప్పుడు కోసం ఆమె ఇంకా చెవులు రిక్కించుకుని కూర్చునే ఉంటుంది.

జకర్యా జీవితంలో మొదటిసారి ఎదురొచ్చిన లారీకి దారివ్వలేదు. బస్సును దాటించాడు. ప్రార్థన కూడా సగంలో ఆగిపోతోంది. మిట్ట మీద బండి ఆపి, అది ఆగిందో లేదో చూడకుండా, తలుపైనా వెయ్యకుండా గుడిసె వైపు పరుగెత్తాడు.

గుడిసె ముందు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళు పక్కకు తప్పుకున్న తీరు చూసి అతని నడక ఆగిపోయింది. ముత్యాలమ్మ గుంజకు ఆనుకునే ఉంది. ఎవరో మీద దుప్పటి కప్పారు. ఒళ్ళో సంచీ అలాగే ఉంది.

బిచ్యా మెల్లగా చెప్పాడు. పొద్దున్నుంచీ ఆమె గడప దగ్గరే కూర్చుందట. ఆయాసం ఎక్కువైనా లోపలికి రానందట.

"హారను ఇనబడ్డది అన్నా. అవ్వా, బండి వచ్చినట్టుంది, పోదాం పా అని నేనన్న. అది ఎవరిదో లేరా, మా జకర్యా బండి సప్పుడు నాకు తెల్వదా అన్నది."

"ఆ హారను నాదే" అన్నాడు జకర్యా. "దిగొచ్చి ఉంటే అయిపోయేది. భయపడ్డ బిచ్యా."

బిచ్యా ఊర్లోంచి పాస్టరు గారిని తీసుకురావాలని మాత్రం గుర్తుచేశాడు.

మిట్ట మీద చిన్న బండి వాలులో కూడా తన బ్రేకు మీద తాను నిక్కచ్చిగా నిలబడి ఉంది. జకర్యా రోడ్డు వార నుంచి ముత్యాలమ్మ పెట్టే రాయి తెచ్చి వెనక టైరు కింద పెట్టాడు. తర్వాతే లోపల కూర్చుని, స్టీరింగు మీద నుదురు ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వాలు దిగి చదునుకు పోయాక బండి ఆపి వెనక్కి నడిచాడు. నడిరోడ్డు మీది రాయిని రెండు చేతులా ఎత్తి వారన దాని చోట్లోనే పెట్టాడు. పాత టైరు రాసి రాసి నల్లగా, నున్నగా అయిన పక్క పైకి ఉంది.