మోగని ఫ్లైవీల్

లెక్కల మేష్టారి కారుకు క్లచ్ జారడం మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం కదలనంటోంది. ఇరవై ఏళ్ళ నాటి రెండు తలుపుల కారు అది. రోజూ బడికి అందులోనే వెళతాడు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "నాకు అయిపోయిందిగా, అదిగో గుమ్మంలో ఉంది" అని కారును చూపిస్తాడు.

బండిని బావ షెడ్డుకు తీసుకెళ్ళాడు. బావ అంటే అక్క మొగుడు, ముప్పై ఏళ్ళుగా గేరుబాక్సులు దించి ఎక్కిస్తున్న మనిషి. ఒక చుట్టు తిప్పి వచ్చి, "క్లచ్ ప్లేటు అరిగిపోయింది. దాన్ని ఆనుకుని ఇంజనుతో పాటు తిరిగే ఇనప చక్రం, ఆ ఫ్లైవీల్ కూడా కాలి ఉంటుంది. రెండూ మార్చేద్దాం," అన్నాడు.

"ఎలాగూ మారుస్తున్నాం కదా బావా, గట్టివే వేద్దాం. రేసు బళ్ళ ప్లేటు, తేలిక ఫ్లైవీల్."

"నువ్వు పోయే రేసు ఏంటోయ్? బడి గంటతోనేగా?"

మేష్టారు నవ్వలేదు. ఫోన్‌లో చదివినవన్నీ ఏకరువు పెట్టాడు. బావ చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నాడు.

"చూడు, రేసు ప్లేటుకి రాగి కలిపిన బిళ్ళలుంటాయి. పట్టుకుంటే ఉడుంపట్టు, వదిలితే పూర్తిగా వదిలేస్తాయి, మధ్యలో ఏమీ ఉండదు. సిగ్నల్ దగ్గర కదిలిన ప్రతిసారీ కప్పలా గెంతుతావు. ఇక ఫ్లైవీల్ బరువంటావా, కంపెనీవాడు దాన్ని ఊరికే పెట్టలేదు. ఆ బరువే బండిని నిదానంగా కదిలిస్తుంది. మరీ తేలికైతే ఆగిన చోటల్లా ఇంజను ఆరిపోతుంది."

ప్లేటు విషయంలో మేష్టారు దిగివచ్చాడు. రాగి బిళ్ళలు లేని మామూలు ప్లేటు, దాన్ని నొక్కిపట్టడానికి కాస్త గట్టి స్ప్రింగున్న ప్రెజర్ ప్లేటు వేద్దామంటే సరేనన్నాడు. ఫ్లైవీల్ దగ్గర మాత్రం మొండిపట్టు పట్టాడు. సగం బరువుది, అచ్చమైన ఉక్కుదని చెప్పి ఒకతను అమ్ముతున్నాడు. వారం తిరక్కుండానే తెప్పించి, షెడ్డులో పెట్టి బడికి వెళ్ళిపోయాడు.

బావ పెట్టె విప్పాడు. పైకి అద్దంలా మెరుస్తోంది. తయారు చేసినవాడి ముద్ర లేదు, పరీక్ష చేసినట్టు కాగితం ముక్క లేదు. తీగ కట్టి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాడు. ఉక్కయితే ఖంగుమని మోగి, కాసేపు ఆ మోత చెవిలో నిలవాలి. ఇది టప్పుమని ఊరుకుంది. మళ్ళీ తట్టాడు. మళ్ళీ టప్పు. ఏదో పాత పోత ఇనుము ఫ్లైవీల్‌ని లేత్ మీద చెక్కి, పల్చన చేసి, మెరుగు పెట్టినట్టు అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర భార్యతో, "మీ తమ్ముడు తెచ్చిన సామాను నాకు నచ్చలేదు," అన్నాడు.

"మీకు ఏది నచ్చింది గనక? వాడు నెల్రోజులుగా దాని మీదే ప్రాణం పెట్టుకున్నాడు. ఒక్కసారి వాడి ముచ్చట తీర్చండి."

నచ్చలేదన్నాడే గాని, మోగలేదని బావ చెప్పలేదు. చెబితే ఇంట్లో పంచాయితీ అవుతుందనుకున్నాడు. సాయంత్రానికి బిగించేశాడు.

మేష్టారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పెడల్ తాకితే చాలు, ఇంజను ఎగిరి పడుతోంది. మూడు వారాలు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున్న పిన్నిని చూడడానికి అక్కను ఎక్కించుకుని బయల్దేరాడు. అక్కకు ఎక్కడ కూర్చున్నా చెప్పులు విడిచి, కాళ్ళు పైకి మడుచుకోవడం అలవాటు.

"సీటు మాసిపోతుందే, కాళ్ళు దించు," అన్నాడు మేష్టారు.

"నీ సీటు కంటే నా కాళ్ళే శుభ్రంగా ఉన్నాయి లేరా."

ఊరు దాటాక పెద్ద రోడ్డు వచ్చింది. ముందు ఎవరూ లేరు. "ఇప్పుడు చూడక్కా ఎలా లేస్తుందో," అంటూ రెండో గేరులో యాక్సిలరేటర్ అదిమాడు. ఇంజను చుట్లు చూపే ముల్లు ఐదు వేలు దాటింది, ఆరు వేలు దాటింది, ఏడు వేలు అందుకోబోతోంది.

అప్పుడు పేలింది.

టైరు పేలినట్టు కాదు. కారు లోపలే ఎవరో బాంబు పెట్టినట్టు. ముందు అద్దం తెల్లగా చిట్లిపోయింది. మేష్టారు అలవాటు కొద్దీ ఎడమ కాలు ఎత్తి క్లచ్ తొక్కబోయాడు. కాలు గాలిలోకి దిగింది. పెడల్ లేదు. అది ఉండవలసిన చోట అరచెయ్యి పట్టేంత కన్నం, ఆ కన్నంలోంచి రోడ్డు వెనక్కి పరుగెడుతూ కనిపించింది.

బ్రేకు మిగిలింది. దాన్ని తొక్కాడు. బండి పక్కకు ఈడ్చుకుంటూ పోయి ఆగింది. ఇంజను ఆగిపోయింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు. అక్క వైపు తిరగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"ఒరే," అంది అక్క.

తిరిగి చూశాడు. మడుచుకున్న కాళ్ళ మీద అద్దం పెంకులు. ఆ కాళ్ళ కింద నేల చీలిపోయి, రేకు పైకి లేచి ఉంది.

"అక్కా, నీ కాళ్ళు..."

"కాళ్ళు ఉన్నాయి. నా చెప్పు ఏదిరా?"

"అక్కా, దెబ్బలు తగిలాయా?"

"రెండో చెప్పు కనబడటం లేదు. కొత్తవిరా అవి."

తలుపు తెరుచుకుని దిగి, వంగి రోడ్డు మీద వెతకడం మొదలుపెట్టింది. లారీలు హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు. మేష్టారు వెళ్ళి చెయ్యి పట్టుకుంటే అది మంచుముక్కలా ఉంది. చెప్పు దొరికింది. కత్తితో కోసినట్టు రెండు ముక్కలైంది. దాన్ని చూశాక ఆమె రోడ్డు పక్కన కూలబడి వణకడం మొదలుపెట్టింది.

ఫోన్ చేసిన ముప్పావుగంటకి పాడైన కార్లను ఎత్తుకెళ్ళే లాగుడు బండిలో బావ వచ్చాడు. ముందు భార్య తలా భుజాలూ తడిమి చూశాడు. తరవాత కారులోకి తొంగిచూశాడు. పైకప్పులో బిగుసుకున్న ఫ్లైవీల్ ముక్కను ఊడబెరికి, విరిగిన అంచును వెలుగులో తిప్పాడు. లోపలంతా బూడిదరంగు గరుకు.

"పోత ఇనుమే," అన్నాడు. "పల్చన చేస్తే జోరుకు పగిలిపోతుంది. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. తట్టాను. మోగలేదు."

అక్క ఆ ముక్కను అతని చేతిలోంచి తీసుకుంది.

"తెలిసే బిగించారా?" అంది అక్క.

"నువ్వు ముచ్చట తీర్చమన్నావని..."

"నచ్చలేదన్నారు. ప్రాణాలు పోతాయని అన్నారా?"

"తప్పంతా నాదేనక్కా, నేనే పట్టుబట్టాను," అని మేష్టారు అడ్డురాబోతే, "నువ్వు నోరు ముయ్యి. నీకు తెలీదు. ఆయనకు తెలుసు," అంది. ఆ తరవాత భర్తతో మాట్లాడడం మానేసింది. బావ షెడ్డు తాళం తియ్యడం మానేశాడు. పెద్ద పెద్ద ఇంజన్లు విప్పిన మనిషి, ఇంట్లో కుళాయి మర బిగించడానికి కూడా చెయ్యి ఆడక అలాగే నిలబడిపోయేవాడు.

నాలుగో రోజు మేష్టారు అమ్మినవాడికి ఫోన్ చేశాడు. తిట్టడానికే చేశాడు. అవతలివాడు మొదట నీళ్ళు నమిలాడు. నేల చీలిన సంగతీ, చెప్పు సంగతీ చెప్పాక అతని గొంతు మారిపోయింది.

"నాకు ఉక్కనే చెప్పి ఇచ్చారండీ. అలాంటివి నాలుగు అమ్మాను."

మేష్టారు తిట్లన్నీ మర్చిపోయి మిగతా ముగ్గురి నంబర్లూ తీసుకున్నాడు. ఒకతను ఇంకా పెట్టె విప్పలేదు. రెండో అతను వినగానే బండి పక్కన పెట్టేశాడు. మూడో ఆయన పళ్ళ డాక్టరు, పక్క వీధిలోనే ఆస్పత్రి. "మా మెకానిక్‌కి అన్నీ తెలుసు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సంగతి అక్క ఇంట్లో చెబుతుంటే, మూల కుర్చీలో ఉన్న బావ లేచి చొక్కా తొడుక్కున్నాడు. అక్క చీపురు పక్కన పడేసి, ఇనప ముక్కనూ చెప్పు ముక్కలనూ సంచిలో వేసుకుంది. ముగ్గురూ నడిచే వెళ్ళారు.

డాక్టరు చేతి తొడుగులతోనే బయటికి వచ్చాడు. మేష్టారు ఫ్లైవీల్ మాట ఎత్తాడు. "మళ్ళీ మీరేనా? లోపల పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడండీ."

అక్క సంచిలోవి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు ఇనుము వంక చూశాడు, తెగిన చెప్పు వంక చూశాడు.

"ఆ చెప్పులో ఉండాల్సిన కాలు ఇది," అంటూ అక్క కాలు ముందుకు చాపింది.

డాక్టరు తొడుగులు విప్పబోయి మధ్యలోనే ఆగాడు. "బండి... బండి మా ఆవిడ తీసుకెళ్ళింది. పెద్ద రోడ్డు మీద. పాపని ఈతకి."

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. అంతే. "నడిపేటప్పుడు తియ్యదు, నేనే తియ్యొద్దన్నాను," అన్నాడు. ఐదోసారి కూడా ఎత్తకపోయేసరికి గోడకు ఆనుకుని అలాగే జారిపోయి నేల మీద కూర్చున్నాడు. బావ ఆయన పక్కనే చతికిలబడ్డాడు. లోపల్నుంచి పేషెంటు నోటినిండా దూదితో ఏదో అడిగాడు.

ఇరవై నిమిషాలకు వీధి మొదట్లో ఇంజను చప్పుడు వినబడింది. ఎర్ర కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. తడి జుట్టుతో పాప దిగింది. డాక్టరు పరుగెత్తుకెళ్ళి పాపను ఎత్తుకుని, భార్య చేతిలోంచి తాళం లాక్కున్నాడు. ఏం జరిగిందో తెలియక ఆమె కొయ్యబారి నిలబడిపోయింది.

బండిని లాగుడు బండి మీద ఎక్కించి షెడ్డుకు తెచ్చారు. బావే తాళం తీశాడు. మర్నాడు గేరుబాక్సు దించి, ఫ్లైవీల్ తుడిచి, పగుళ్ళను బయటపెట్టే ఎర్ర రంగు నీళ్ళు పూసి చూశాడు. బోల్టు రంధ్రం దగ్గర నుంచి అంచు దాకా వెంట్రుకంత గీత. ఇంకెన్ని రోజులు ఆగేదో, ఎన్ని గంటలు ఆగేదో చెప్పలేకపోయాడు.

డాక్టరు బండికీ మేష్టారి బండికీ ఈసారి ఉక్కు ఫ్లైవీళ్ళే వచ్చాయి, ముద్రలతో, పరీక్ష కాగితాలతో, ఇంచుమించు కంపెనీ బరువుతో. మేష్టారు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. బండి చేతికొచ్చాక కూడా నెల్రోజులు బస్సులోనే బడికి వెళ్ళాడు. ఎడమ కాలు పెడల్ మీద పెట్టాలంటే చెమటలు పట్టేవి.

అక్క ఆ కాగితాలు రెండూ స్వయంగా చదివింది. అర్థం కాని చోట వేలు పెట్టి, పదిహేను రోజుల తరవాత మొదటిసారి భర్త వైపు తిరిగింది.

"ఇక్కడేం రాసుందో చెప్పండి," అంది. "ఏదీ దాచకుండా చెప్పండి."

బావ కళ్ళజోడు పెట్టుకుని, పక్కన కూర్చుని, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు.